మేస్త్రి తెల్లగుడ్డ

మన కంటికి ఆనని మురికిని కూడా చూడగలిగి, చూసిన తర్వాత కూడా మన చెయ్యి వదలని దేవునికి ముందుగా స్తోత్రం. తన పిల్లలకు నేర్పవలసినదాన్ని ఆయన ఎవరి చేత నేర్పిస్తాడో ముందుగా ఎవరికీ తెలియదు. నాకు సంఘంలో వాక్యం ద్వారా నేర్పినవి ఉన్నాయి. బొమ్మనహళ్ళిలో ఒక రేకుల షెడ్డు కింద, గోళ్ళ సందున గ్రీజు వదలని ఒక మనిషి ద్వారా నేర్పినవి కూడా ఉన్నాయి. రెండింటికీ ఆయనకే మహిమ.

పోయిన శనివారం సాయంత్రం మా సంఘం వెనక కుళాయి దగ్గర కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతుకుతున్నాను. బ్రూక్‌ఫీల్డ్‌లో మాది చిన్న సంఘం, ఒక మేడ మీది హాలు. సంఘ పెద్దను అయినప్పుడు ఈ పని నేనే అడిగి తీసుకున్నాను. వేడినీళ్ళలో పచ్చ సబ్బు కరిగి ఆవిరి ముఖానికి కొట్టింది. పక్కన వాచ్‌మన్ తుప్పు పట్టిన ఇనప తొట్టి కడుగుతున్నాడు. సబ్బు వాసన, తడి ఇనుము వాసన రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి నా చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసనకు నా వెనక ఎవరో వచ్చి నిలబడినట్టే ఉంటుంది. ఆయన ఎప్పుడూ అడిగే ఒక్క ప్రశ్న అడుగుతాడని వీపు కాచుకుని ఉంటుంది.

ఆయన పేరు మునివెంకటప్ప. పిలిచే నోళ్ళలో అది మునెంకటప్ప అయింది. మేము మేస్త్రీ అనేవాళ్ళం. తాతల కాలం నుంచీ బెంగళూరు వాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. హొసూరు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, గార్మెంట్స్ ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఆయన షెడ్డు. మోటారు సైకిలు ఇంజన్లు విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ కట్టడం ఒక్కటే అక్కడ పని. పంక్చరు వెయ్యడు, బండి కడగడు. ఎవరైనా హారన్ బాగుచెయ్యమంటే రోడ్డు అవతలి కొట్టు చూపించేవాడు.

నేను ఆదోని వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఫిట్టరు పని చదువుకుని, ఇక్కడే ఒక చిన్న కార్ఖానాలో నాలుగేళ్ళు లేతు మిషను నడిపాను. అది మూతపడ్డాక మడివాళలో మరో ముగ్గురితో ఒక గదిలో ఉంటూ పని వెతుక్కుంటున్నాను. తొంభైల మధ్యకాలం మాట. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. మా నాయన ఊళ్ళో సండే స్కూలు నడిపేవాడు కాబట్టి వాక్యం నా నాలుక మీద ఉండేది. మడివాళ సంఘంలో పాటలు నడిపించేది నేనే, సాక్ష్యం చెప్పమంటే ముందు లేచేదీ నేనే. చేతి పని మీద, నోటి వాక్యం మీద నాకు కొంత గర్వం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మొదటి రోజు మేస్త్రి ఒక సిలిండరు నా ముందు పెట్టి హోనింగ్ చెయ్యమన్నాడు. ఈ పని తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పిస్టన్ ఏళ్ళ తరబడి పైకీ కిందికీ ఆడి సిలిండరు లోపలి గోడ అరిగిపోతుంది. ఆ గోడను మిషను మీద కాస్త వెడల్పుగా కోసి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేస్తారు. కోసిన గోడ గరుకుగా ఉంటుంది. అందుకని డ్రిల్లుకు మూడు సన్నని సానరాళ్ళు తగిలించి, కిరసనాయిలు పోస్తూ, లోపల తిప్పుతూ ఆడించి సాపు చేస్తారు. అదే హోనింగ్. లేతు మీద చెయ్యి తిరిగినవాణ్ణి కదా, నేను అరగంట తిప్పి, చాలదన్నట్టు సన్న ఉప్పుకాగితంతో కూడా రుద్ది, ముఖం కనబడేటట్టు చేసి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురు వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు.

“చానా బాగుండాదప్పా. తల దువ్వుకోవచ్చు,” అన్నాడు. “ఇంజన్‌కి మాత్రం పనికిరాదు. ఇంత నున్నగా ఉంటే నూనె యాడ నిలిచేది?”

తర్వాత తాను చేసిన సిలిండరు ఒకటి తెచ్చి చూపించాడు. దాని గోడంతా సన్నని గీతలు, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ, నేతగుడ్డలో దారాల్లాగా. నూనె ఆ గీతల్లో నిలుస్తుందట. ఆ నూనె మీదే పిస్టన్ చుట్టూ తొడిగే రింగులు బతుకుతాయట. డ్రిల్లు తిరిగే వేగానికీ చెయ్యి ఆడే వేగానికీ పొత్తు కుదిరితేనే అవి అట్లా పడతాయి. చెయ్యి నిదానిస్తే గీతలు పడుకుంటాయి, తొందరపడితే నిలబడతాయి. నాకు వారం రోజులు ఆ పొత్తు కుదరలేదు. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు గాని, నేను పాడుచేసిన సిలిండర్లన్నీ వరసగా గోడవార పేర్చి పెట్టాడు. రోజూ వాటిని దాటుకునే నేను లోపలికి వెళ్ళాలి.

చివరికి అది కుదిరింది పాట వల్ల. ఒక మధ్యాహ్నం పని చేస్తూ నాకు తెలియకుండానే మా నాయన నేర్పిన ఒక పాత కీర్తన ఎత్తుకున్నాను. నిదానమైన పాట, చరణానికి ఊపిరి పట్టాలి. చెయ్యి దాని వెంట నడిచింది. సిలిండరు వెలుతురుకు పెడితే గీతలు దిద్దినట్టు ఉన్నాయి. మేస్త్రి దాన్ని ఎత్తి చూసి పక్కన పెట్టాడు. మర్నాడు డ్రిల్లు చేతికిస్తూ, నిన్నటి పాటే పాడమన్నాడు. ఒక పండగ ముందు నేను ఉత్సాహంగా వేరే పాట ఎత్తుకుంటే మాత్రం ఆపేశాడు. “ఆ పాట గుళ్ళో పెట్టుకో. ఇది స్కూటర్ రేసు మాదిరి ఉండాది,” అన్నాడు. బొట్టు పెట్టుకుని, రోజూ పొద్దున మిషనుకు ఊదుబత్తి వెలిగించే మనిషి, నా ప్రభువు కీర్తనను కొలతబద్దలాగా వాడుకున్నాడు. నాకు మొదట అది చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు ఆ కీర్తనను అంత శ్రద్ధగా విన్నవాళ్ళను నేను మరి చూడలేదనిపిస్తుంది.

ఆయుధపూజ నాడు నేను మిషనుకు కుంకుమ పెట్టలేనని, నా విశ్వాసం ఒప్పదని భయపడుతూ చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పెట్టకపోతే పోనీ, ముందు రోజు తుడిచి నూనె పెట్టే పని నువ్వు చెయ్యి, పూజ నేను చేసుకుంటాను అన్నాడు. ఆదివారాల సంగతీ అంతే. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళంతా బండ్లు తెచ్చేది ఆదివారమే. అయినా నన్ను ఆరాధనకు పంపి, ఆ ఒక్క రోజూ తానొక్కడే కష్టపడేవాడు. నువ్వు దేవుని పని మీద పోయేవాడివి కదా అనేవాడు. ఆ మాట ఆయన ఎంత పూర్తిగా నమ్మి అనేవాడో నాకు తర్వాత తెలిసింది.

ఇక తెల్లగుడ్డ. హోనింగ్ అయ్యాక సిలిండరును పెట్రోలుతో తుడిస్తే మెరుస్తుంది, ఎవరి కంటికైనా శుభ్రంగానే కనబడుతుంది. కాని సానరాళ్ళ పొడి ఆ గీతల్లో దాక్కుని ఉంటుంది. పెట్రోలు దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. వేడినీళ్ళు, సబ్బు, కొబ్బరిపీచు బ్రష్షు పెట్టి తోమితేనే అది బయటికి వస్తుంది. కడిగాక మేస్త్రి తన పాత పంచె చింపిన ముక్క తీసుకునేవాడు. వాళ్ళావిడ రాజమ్మ వాటిని ఉడకబెట్టి, ఆరబెట్టి, మడతలు పెట్టి పంపేది. ఆ గుడ్డకు చుక్క నూనె రాసి సిలిండరు లోపల ఒక్కసారి తిప్పి బయటికి తీసేవాడు. బూడిద రంగు అంటితే మళ్ళీ కడగాలి. నాలుగుసార్లు కడిగిన రోజులున్నాయి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా పిస్టన్ ముట్టుకోకూడదు. ఎవరు ఏ ఇంజన్ కడుతున్నా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: గుడ్డ చూసినావా?

నేను వచ్చిన మూడో ఏడు, మా పాస్టరు జ్ఞానరత్నం అయ్యగారి బండి మా షెడ్డుకు వచ్చింది. నేనే తెప్పించాను. ఆయన ఆ పాత బండి మీదే మడివాళ సంఘం, అత్తిబెలె అవతల పల్లెల్లోని కూడికలు చూసుకునేవారు. సిలిండరు బాగా అరిగింది. మేస్త్రి కోసి ఇచ్చి, మిగతా పనంతా నన్నే చెయ్యమన్నాడు. మీ అయ్యగారి బండి, నీ చేత్తోనే కట్టు అన్నాడు. అది నాకు పెద్ద గౌరవం.

ఆ రోజు శనివారం. సాయంత్రం నాలుగున్నరకు సంఘ వార్షికోత్సవం పాటల సాధన. నడిపించవలసినవాణ్ణి నేను. మేస్త్రి బంధువుల ఇంటికి వెళ్ళాడు. హోనింగ్ బాగానే చేశాను, పాట పాడుకుంటూనే చేశాను. కడుగుదామని చూస్తే కుళాయిలో నీళ్ళు లేవు. సందు చివరి చేతిపంపు నుంచి బిందె మోసుకొచ్చి, స్టవ్వు మీద కాచి, కడిగి, గుడ్డ చూసి, మళ్ళీ కడిగి... గడియారం చూశాను. మూడు దాటింది. పెట్రోలుతో రెండుసార్లు గట్టిగా తుడిచాను. మెరిసింది. రింగులు విడిపడే నోళ్ళు మూడు దిక్కులకు తిప్పి, పిస్టన్ మీది బాణం గుర్తు పొగగొట్టం వైపు పెట్టి, నూనె రాసి, సిలిండరు దించాను. అది తన బరువుకు తానే, తొందర లేకుండా దిగింది. అన్నీ సరిగ్గా చేశాను, ఆ ఒక్కటి తప్ప.

పైన బోల్టులు బిగిస్తుండగా మేస్త్రి వచ్చాడు. చెప్పులు విడుస్తూనే అడిగాడు.

“గుడ్డ చూసినావా?”

“చూసినాను మేస్త్రీ,” అన్నాను.

ఆయన ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత, పాటలకు టైమవుతోంది కదా, బయల్దేరు, చేతులు కడుక్కోవడానికి మా ఇంట్లో నీళ్ళున్నాయి అన్నాడు. ఆ సాయంత్రం పవిత్రత గురించిన పాటకు నేను శ్రుతి ఇచ్చాను. నా గొంతు బాగుందని అందరూ అన్నారు.

నాలుగు వారాల తర్వాత అయ్యగారు బండిని తోసుకుంటూ వచ్చారు. తెల్లచొక్కా చెమటకు వీపున అతుక్కుపోయి ఉంది. మేస్త్రి స్టూలు వేసి నీళ్ళిచ్చాడు. అయ్యగారు తప్పు పట్టడానికి రాలేదు, జరిగింది చెప్పారు. అత్తిబెలె అవతలి ఒక పల్లెలో మరియమ్మ అనే ముసలావిడ మంచం పట్టి ఉంది. ప్రభువు బల్ల అందుకుని కన్ను మూస్తానని కబురు పంపింది. రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని ఆయన తెల్లవారుతూనే బయల్దేరారు. దారిలో బండి పొగ కక్కుతూ బలం తగ్గి, ఎత్తు రోడ్డు మీద నిలిచిపోయింది. బస్సు పట్టుకుని, అది దిగి నడిచి చేరేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. గంట క్రితమే పోయిందన్నారట.

మేస్త్రి ఆయన ముందే ఇంజన్ విప్పాడు. సిలిండరు గోడ మీద గోటితో చీరినట్టు నిలువు చారలు. రింగుల గాడిలో బూడిద రంగు ముద్ద. ఆయన దాన్ని బొటనవేలితో తీసి, చూపుడు వేలితో నలిపి చూశాడు. నా వైపు చూడలేదు.

“నా తప్పు అయ్యగారూ,” అన్నాడు. “నేను చూడాల్సిండె, చూడల్యా.”

అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, దేవుని చిత్తం అన్నారు. నేను అక్కడే, మూడడుగుల దూరంలో, పానా పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. అన్ని కూడికల్లో సాక్ష్యం చెప్పిన నోరు అది.

సిలిండరును మళ్ళీ కోశాము, ఇంకా పెద్ద పిస్టన్ వేశాము. హోనింగ్‌కు మేస్త్రి డ్రిల్లు నా చేతికిచ్చి, పాడప్పా అన్నాడు. గొంతు రాలేదు. పాట లేకుండా చేశాను, గీతలు వంకర పోయాయి. ఆయన మెల్లగా డ్రిల్లు తీసుకుని మిగతాది తానే పూర్తి చేశాడు. కడగడం నాకిచ్చాడు. ఆరుసార్లు కడిగాను. గుడ్డ మూడోసారికే తెల్లగా వచ్చిందని ఆయన చెప్పినా ఆపలేదు.

ఆ తర్వాత షెడ్డులో పాట వినబడలేదు. ఆదివారం సంఘంలో పెదవులు ఆడించేవాణ్ణి. మేస్త్రి ఎప్పుడన్నా నా వైపు చూసి, ఒంట్లో బేజారుగా ఉంటే పోయి పడుకో అనేవాడు. ఆయన తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

నెల మొదటి ఆదివారం, బల్ల ఆచరించే దినం వచ్చింది. ముందు వరసలో కూర్చున్నాను. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది, కిటికీ వెలుతురు సరిగ్గా దాని మీద పడుతోంది. ఎదుటివాడితో సరిచేసుకోనిది నా దగ్గరికి రావద్దన్న దేవుని మాట నాకు చిన్నప్పటి నుంచీ కంఠస్థమే. ఆ రోజే మొదటిసారి విన్నట్టయింది. లేచి బయటికి వచ్చి బొమ్మనహళ్ళి బస్సు ఎక్కాను.

మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. చుట్టూ నాలుగు బండ్లు విప్పి ఉన్నాయి.

“ఈ పొద్దు ఆదివారం కదప్పా. గుడి లేదా?”

చెప్పాను. నీళ్ళు రాకపోవడం, గడియారం చూడటం, పెట్రోలుతో తుడవడం, ఆయన అడిగితే అబద్ధమాడటం, అయ్యగారి ముందు ఆయన తల వంచుకుంటే ఊరుకోవడం. ఆయన చేతిలోని పిస్టన్‌ను గుడ్డ మీద పెట్టి, చేతులు తుడుచుకుని, నా ఎదురుగా కూర్చున్నాడు.

“నాకు ఆ పొద్దే తెలుసు,” అన్నాడు. “రాజమ్మ పంపిన గుడ్డలు కట్టిన దారం విప్పకుండానే ఉండాది. వచ్చీ రాగానే చూసినా.”

తెలిసి కూడా బండి ఎందుకు పంపావని నా ముఖం అడిగి ఉంటుంది.

“నువ్వు చూసినానంటివే. దేవుని పేరు చెప్పుకునేవాడు, సుమ్నే ఊరికే అబద్ధం చెప్తాడా అనుకున్న్యా. ఇంకో గుడ్డ యాడన్నా తీసుకునుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్న్యా. నా కండ్లను నమ్మకుండా నిన్ను నమ్మినానప్పా. అందుకే నా తప్పంటి. నీకోసం అన్న్యాననుకున్నావా?”

ఇంత వయసులోనూ ఆ మాట నా లోపల నిలువు చారగానే ఉంది. నన్ను కాపాడటానికి ఆయన తప్పు తన మీద వేసుకున్నాడని, అదొక దయ అని నేను అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. ఆయన దయ చూపలేదు, నిజం చెప్పాడు. నా విశ్వాసాన్ని నాకంటే ఆయనే ఎక్కువ నమ్మాడు. నేను ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చాడు. తర్వాత గడియారం చూసి, నాకు చెప్పింది చాలదు, మీ అయ్యగారికి చెప్పు, ఇంకా గుళ్ళోనే ఉంటాడు, పో అన్నాడు.

నేను చేరేసరికి ఆరాధన ముగిసి అయ్యగారు ఒక్కరే గుడ్డ మడత పెడుతున్నారు. అంతా విని, మడత పెట్టిన గుడ్డను బల్ల మీద పెట్టారు. తర్వాత, మరియమ్మ కూతురు తనకు చెప్పిన మాట ఒకటి చెప్పారు. చివరి ఘడియలో ఆ ముసలావిడ, అయ్యగారి బండి యాడో నిలిచిపోయుంటాది, పాపం, ఎండన పడి వస్తాడు, వచ్చినాక అన్నం పెట్టి పంపండి అన్నదట. ఇంటి నిండా ఏడుపు ఉన్నా, ఆ కూతురు ఆయనకు అన్నం పెట్టిందట. నాకు ఇది చెప్పి, వచ్చే నెల బల్లకు రా అని మాత్రం అన్నారు. క్షమించానని విడిగా చెప్పలేదు. మర్నాడు షెడ్డులో డ్రిల్లు చేతికి తీసుకున్నప్పుడు, మేస్త్రి అడగకముందే పాట వచ్చింది. ఆయన వెనక్కి తిరగకుండా తల ఊపాడు.

ఆయన దగ్గర ఇంకా ఏడేళ్ళు పనిచేశాను. తర్వాత కోసి బాగుచేసే సిలిండర్లు తగ్గిపోయాయి. పాతది పారేసి కొత్త సెట్టు బిగించడమే సులువని అందరూ నేర్చుకున్నారు. హొసూరు రోడ్డు మీద పైవంతెనకు స్తంభాలు లేచాయి, మా సందు మొదట్లో సగం కొట్లు పోయాయి. షెడ్డు మూసి ఆయన హోస్కోటెలో కూతురింటికి వెళ్ళిపోయాడు. నాకు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు భవనంలో జనరేటర్లు, పంపులు చూసుకునే పని దొరికింది. మొదట నెలకోసారి వెళ్ళేవాణ్ణి. తర్వాత పండగలకు. ఆ తర్వాత వెళ్ళాలి, వెళ్ళాలి అనుకోవడం మిగిలింది.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆయనకు చూపు పోయింది. నా చెయ్యి పట్టుకుని అరచేతిని బొటనవేలితో తడిమి, కాయలు కరిగిపోయినాయే అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని, నాకు నవ్వు రాలేదు. కాసేపటికి, పాడప్పా అన్నాడు. మంచం పక్కన కూర్చుని ఆ కీర్తన ఎత్తుకున్నాను. దుప్పటి మీద ఆయన కుడిచెయ్యి లేచి పైకీ కిందికీ ఆడటం మొదలుపెట్టింది, లోపలున్న ఏదో గోడను సాపు చేస్తున్నట్టు. అది చూసి నా పాట గబగబా పరుగెత్తింది.

“తొందరపడతా ఉండావు,” అన్నాడు. “గీతలు నిలబడిపోతాయి.”

నిదానించి మొత్తం పాడాను. ఆయన పోయిన సంగతి నాకు రెండు వారాలు ఆలస్యంగా తెలిసింది. రెండు బస్సులు మారి వెళ్ళేసరికి రాజమ్మ గారు గడపలో కూర్చుని ఉన్నారు. లోపలికి పిలిచి అన్నం పెట్టారు. వచ్చేటప్పుడు దారంతో కట్టిన చిన్న కట్ట చేతిలో పెట్టారు. తెల్లపంచె ముక్కలు, ఉడకబెట్టి మడతపెట్టినవి.

ఆయన నా సంఘం మనిషి కాడు. ఆయన ఆత్మ సంగతి తేల్చడం నా పని కాదు, నా దేవుడు న్యాయం తప్పడని నాకు తెలుసు, అది నాకు చాలు. ఆ కట్ట ఇప్పటికీ నా వాక్య పుస్తకం పక్కనే ఉంది. దారం విప్పలేదు. ప్రతి శనివారం బల్లగుడ్డ ఆరవేసి వచ్చి దాని ముందు మోకరిస్తాను. వెనక ఎవరో చెప్పులు విడుస్తున్నట్టు ఉంటుంది. అడగడం వినబడుతుంది. వెంటనే జవాబు చెప్పను. ముందు చూసుకుంటాను.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. తండ్రీ, పైకి మెరిసేదాన్ని చూసి తృప్తిపడకుండా మమ్మల్ని కాపాడు. మా లోపల దాగినదాన్ని నువ్వే కడుగు. ఒకసారి చాలకపోతే మళ్ళీ కడుగు. మా మాటను నమ్మినవాళ్ళను మోసపోనివ్వకు. మా కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ గడపకు మమ్మల్ని వేళకు చేర్చు. ఆమెన్.